ఆఖరి పేజీ లేని పుస్తకం: పశ్చిమ మాంబళంలో ఒక అద్దె పుస్తకాల దుకాణం

చెన్నైలో అద్దెకు పుస్తకాలిచ్చే దుకాణాలు బాగా తగ్గిపోయిన ఈ రోజుల్లో, తెలుగు పుస్తకాలు కూడా పెట్టుకున్న దుకాణం ఒకటి మా పశ్చిమ మాంబళంలో ఇంకా తలుపులు తీసి ఉందంటే మొదట నేను నమ్మలేదు. దురైసామి సబ్‌వే దాటి ఐదు నిమిషాలు నడిస్తే వచ్చే ఒక సందులో, టైలరు కొట్టుకూ పిండిమరకూ మధ్య ఉంది ఆ దుకాణం. మూడేళ్లుగా నేనూ మా అత్తగారూ అక్కడ సభ్యులం. ఇంతకాలం దాని గురించి రాయకపోవడానికి కారణం దాని యజమానే. రాస్తే జనం వస్తారని, వచ్చినవాళ్లు కూర్చోవడానికి కుర్చీ అడుగుతారని ఆయన భయం. ఈమధ్య జరిగిన ఒక సంగతి వల్ల రాయకుండా ఉండలేనని చెప్పి, దుకాణం పేరు రాయనన్న షరతు మీద ఒప్పించాను. సందు గుర్తులు చెప్పాను కనుక వెతుక్కునేవాళ్లకు కష్టం కాదు. ఆ దుకాణం సరుకును ఇష్టపడేవాళ్లకు వెతకడం కూడా ఇష్టంగానే ఉంటుంది.

దుకాణం పది అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల లోతు ఉంటుంది. మూడు గోడలకూ నేల నుంచి పైకప్పు దాకా ఇనుప అరలు, మధ్యలో ఒక మనిషి పక్కకు తిరిగి నడిచేంత దారి ఉన్నాయి. కుడి గోడంతా ఇంగ్లీషు, ఎదురు గోడంతా తమిళం, ఎడమ గోడకు లోపలి మూలన తెలుగు. మనవాటా నాలుగు అరలు, సుమారు నాలుగు వందల పుస్తకాలు. అందులో మూడు అరలు డిటెక్టివ్ నవలలే. నాలుగో అరలో మిగతా తెలుగు సాహిత్యమంతా ఒద్దికగా సర్దుకుని కూర్చుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు కొంచెం మనసుకు కష్టమనిపించి, ఇదేమిటి బాబాయి గారూ అని అడిగాను. "ఆ మూడు అరలూ సంపాదిస్తుంటేనే ఈ నాలుగో అర అన్నం తింటోందమ్మా" అన్నారు ఆయన, రిజిస్టరులోంచి తల ఎత్తకుండానే.

లెక్కలు చెప్పేస్తాను. సభ్యత్వానికి డిపాజిట్ 500 రూపాయలు, మానేసినప్పుడు తిరిగి ఇచ్చేస్తారు. తెలుగు పాకెట్ నవల వారానికి 10 రూపాయలు, లావుపాటి పుస్తకమైతే 20, ఇంగ్లీషు పుస్తకాలకు వెలలో పదో వంతు. గడువు దాటితే రోజుకు ఒక రూపాయి జరిమానా, అది మాత్రం ఎవరికీ మాఫీ ఉండదు. బల్ల మీద క్యూఆర్ కోడ్ అట్ట ఒకటి ఉంది గాని, అది ఆయన కూతురి ఫోనుకు అనుసంధానమై ఉంది, మీరు పది రూపాయలు పంపితే ఆయన తాంబరంలో ఉన్న కూతురికి ఫోను చేసి "వచ్చిందామ్మా?" అని అడిగి, ఆమె అవునన్నాకే పుస్తకం మీ చేతిలో పెడతారు. అందువల్ల చిల్లర తీసుకెళ్లడం అందరికీ మంచిది.

ఈ దుకాణంలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ రిజిస్టరే. ప్రతి పుస్తకానికీ ఒక పేజీ. అందులో సభ్యుల సంఖ్య, తీసుకెళ్లిన తేదీ, తిరిగి ఇచ్చిన తేదీ. కుటుంబ గాథల పేజీల్లో పది పన్నెండు పద్దులకు మించి లేవు. డిటెక్టివ్ నవలల పేజీలు నిండిపోయి, వాటికి అదనపు కాగితాలు అంటించి, అవీ నిండితే మళ్లీ అంటించి, మడతపెట్టిన జాతక చక్రాల్లా తయారయ్యాయి. తీసుకెళ్లినవాడు మర్నాడే తిరిగి ఇచ్చిన పద్దులు కూడా వాటిలోనే ఎక్కువ. ఎవరు వీళ్లంతా అంటే, బ్యాంకులో రిటైరైన ఒక పెద్దమనిషి, కోడంబాకంలో డబ్బింగ్ చెప్పే ఒకావిడ, నెల్లూరు నుంచి వచ్చి పెళ్లి వంటలు చేసే ఇద్దరన్నదమ్ములు, పక్క వీధి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే ఒక నర్సు. రోజంతా గాయాలు చూసే మనిషికి సెలవునాడు కూడా హత్యలెందుకని ఆ నర్సును ఒకసారి అడిగాను. "ఆసుపత్రికి వచ్చేవాళ్లకు ఏమైందో నాకు తెలుస్తుంది గాని, ఎవరు చేశారో, ఎందుకు చేశారో ఎప్పటికీ తెలియదక్కా. మర్నాడు ఆ మంచం మీద ఇంకొకరుంటారు. పుస్తకంలో అయితే అన్నీ చెబుతారు" అంది. నేర కథలను జనం ఎందుకు ఇష్టపడతారన్న ప్రశ్నకు పండితులు రాసినవి కొన్ని చదివాను గాని, ఇంత తేటగా చెప్పినవాళ్లు తక్కువ.

ఈ పుస్తకాలు ఈ ఊళ్లో ఉండటంలో ఒక న్యాయం కూడా ఉంది. ఆంధ్రపత్రిక 1914లో బొంబాయి నుంచి మద్రాసుకు తరలి వచ్చిన తరవాత, చాలా కాలం పాటు తెలుగు అచ్చు ప్రపంచానికి ఈ ఊరే రాజధాని. 1947లో చందమామ పుట్టిందీ ఇక్కడే. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, ఆయన వెంట ఉండే అసిస్టెంట్ రాజు తెలుగువారి ఇళ్లలోకి నడిచి వచ్చిన కాలం అదే. మా నాన్నగారి తరం వాళ్లు వాటిని లెక్కల పుస్తకంలో దాచుకుని చదివారు. దొరికిపోయి దెబ్బలు తిన్నారు. పెద్దయ్యాక తమ పిల్లల చేతుల్లో అవే కనిపిస్తే మళ్లీ వాళ్లే కొట్టారు. పెద్దలు చదవద్దన్న పుస్తకం కావడం వాటి ఆకర్షణలో ఒక పాలు అయితే అయి ఉండవచ్చు. కానీ ఆ లెక్కన డెబ్బై ఎనిమిదేళ్ల మా అత్తగారిని ఎవరూ వద్దనడం లేదు, అయినా వారానికి మూడు నవలలు పూర్తి చేస్తారు.

ఇక ఆ సంగతికి వస్తాను. మొన్న వైశాఖంలో ఒక పాకెట్ నవల తెచ్చుకున్నాను. పేరు చెబితే కథ చెప్పినట్టే అవుతుంది గనుక చెప్పడం లేదు. రిటైరైన జడ్జి ఒకాయన రాత్రి పాలు తాగి పడుకుని తెల్లారేసరికి లేవడు. పాలలో గన్నేరు పప్పు నూరి కలిపారని తేలుతుంది. ఇంట్లో ఏడుగురు ఉంటారు. రాత్రి పదకొండున్నరకు, డిటెక్టివ్ అందరినీ హాల్లో కూర్చోబెట్టి "ఆ గ్లాసు కడిగి బోర్లించిన మనిషి ఈ గదిలోనే ఉన్నాడు" అన్నంత వరకు వచ్చాను. పేజీ తిప్పితే అచ్చు లేదు. చివరి రెండు కాగితాలు పోయాయి. వాటి స్థానంలో రూళ్ల నోటుబుక్కు కాగితం ఒకటి, మైదా జిగురుతో జాగ్రత్తగా అంటించి ఉంది. దానికి రెండు వైపులా, నీలి సిరాతో, గుండ్రటి చేతిరాతలో కథ ముగింపు ఉంది.

కోపం వచ్చిన మాట నిజం. అద్దె తీసుకునేటప్పుడే చెప్పవలసిన విషయం ఇది. అయినా చదవకుండా ఎలా ఉంటాను? విషం కలిపింది కాంపౌండరు. తాను చెయ్యని నేరానికి ఇరవై ఏళ్ల కిందట ఆ జడ్జి చేతిలో శిక్ష పడిన ఒక గుమాస్తా జైల్లోనే పోయాడు; కాంపౌండరు ఆ గుమాస్తా కొడుకు. మందుల గదిలో రకరకాల విషాలు చేతికందుతూ ఉన్నా వాటిని ముట్టుకోకుండా పెరట్లో గన్నేరు చెట్టును వెతుక్కున్నది, అనుమానం తన మీదికి రాకూడదని. పుస్తకం మూసి, లైటు తీసి, చాలాసేపు నిద్రపట్టక దొర్లాను. తీసిపారేయదగిన ముగింపు కాదది.

మర్నాడు వెళ్లి అడిగితే ఆయన ఏమాత్రం తడుముకోకుండా అది తన రాతేనని ఒప్పుకున్నారు. ఆ పుస్తకం కొన్ననాటి నుంచీ చివరి కాగితాలు లేవట. చిన్నతనంలో ఆ నవల చదివిన గుర్తు మీద ముగింపు రాసి అంటించారట. "హంతకుడెవరో చెప్పకుండా అద్దె తీసుకోవడం పాపం కదమ్మా" అన్నారు. ఈ వ్యాపారంలో ధర్మమంటే ఏమిటో ఆయనకు స్పష్టంగా తెలుసు. నిజానికి నేర కథకు ధర్మశాస్త్రం రాసినవాళ్లు కూడా ఉన్నారు. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు మతగురువు డిటెక్టివ్ కథకు పది నియమాలు పెట్టాడు: దోషి కథ మొదట్లోనే కనిపించిన మనిషై ఉండాలి, అంతకుముందు ఎవరూ కనిపెట్టని విషాలు వాడకూడదు, రహస్య మార్గం ఒకటికి మించి ఉండకూడదు, దొరికిన ఆధారాన్ని డిటెక్టివ్ పాఠకుడి దగ్గర దాచకూడదు. తమాషాకు రాసినట్టే ఉంటుంది గాని, అదంతా పాఠకుడికి రాసిచ్చిన ప్రామిసరీ నోటే. నువ్వు చివరిదాకా కూర్చుంటే నీకు రావలసినది అణా పైసలతో తీరుస్తానని రచయిత ఒప్పుకుంటున్నాడు. మనం నిజంగా బతికే లోకంలో అటువంటి నోటు మనకెవరూ రాసివ్వరు.

ఈ ఊరి చరిత్రలోనే దానికి రెండు ఉదాహరణలున్నాయి, రెండూ ఆయన బల్ల దగ్గర తరచు చర్చకు వచ్చేవే. 1952లో ఆళవందార్ అనే పెన్నుల వ్యాపారి కనిపించకుండా పోయాడు. మొండెం రామేశ్వరం వైపు వెళ్లే బోట్ మెయిల్ రైల్లో ఒక ట్రంకు పెట్టెలో దొరికింది, తల రాయపురం సముద్రపు ఒడ్డున దొరికింది. మద్రాసు వైద్యులు రెంటినీ ఒకచోట చేర్చి ఆ మనిషెవరో తేల్చారు. నిందితులు దొరికారు, విచారణ జరిగింది, శిక్షలు పడ్డాయి. ఈ విద్య ఈ ఊరికి కొత్తది కూడా కాదు, అనుమానాస్పద మరణాల్లో విషాలను పరీక్షించే రసాయన ప్రయోగశాల మద్రాసులో 1849లోనే ఏర్పడింది. ఆళవందార్‌ది ఆఖరి పేజీ ఉన్న కేసు. రెండోది లక్ష్మీకాంతన్ హత్య. సినిమావాళ్ల గుట్లు పత్రికలో రాసే ఆయనను 1944 నవంబరులో వేపేరి దగ్గర రిక్షాలో వెళుతుండగా పొడిచారు. అప్పటి తమిళ సినిమాకు మకుటంలేని మహారాజైన ఎం.కె. త్యాగరాజ భాగవతార్‌కూ, హాస్యనటుడు ఎన్.ఎస్. కృష్ణన్‌కూ యావజ్జీవ శిక్ష పడింది. అప్పట్లో ఆఖరి అప్పీలు కోర్టయిన లండన్ ప్రీవీ కౌన్సిల్ దాకా పోయి, 1947లో నిర్దోషులుగా బయటికి వచ్చారు. మరి పొడిచింది ఎవరు? అది ఇప్పటికీ తేలలేదు. మొదటి కేసు గురించి మాట్లాడేటప్పుడు బల్ల దగ్గరి పెద్దలు కథ చెప్పినట్టు చెప్పి ఊరుకుంటారు. రెండో కేసు వచ్చిందంటే టీ చల్లారిపోయేదాకా వాదించుకుంటారు. రూళ్ల కాగితం మీద ముగింపు రాసి అంటించాలన్న ఆత్రం ఆ వాదనలో కూడా ఉంది.

నా సొంత అనుభవం కూడా ఒకటి చెప్పాలి. 2022లో ఒక తెల్లవారుజామున పాల ప్యాకెట్లు తీసుకుని అయోధ్య మండపం వైపు నడుస్తుంటే, మోటారు సైకిలు మీద ఇద్దరు వచ్చి నా నల్లపూసల గొలుసు లాక్కుపోయారు. కింద పడ్డాను, కళ్లద్దాలు ఎగిరిపోయాయి, బండి ఎటు నుంచి వచ్చిందో ఎటు పోయిందో తెలియలేదు. పోలీసు స్టేషనుకు వెళితే గొలుసు ఎన్ని గ్రాములో, ఎక్కడ కొన్నామో, రసీదు ఉందో లేదో అడిగి, ఫిర్యాదు అందిందని చెప్పే సి.ఎస్.ఆర్. రసీదు ఒకటి చేతిలో పెట్టారు. అంతే. ఆ రసీదు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. మళ్లీ ఎవరూ ఫోను చెయ్యలేదు. గొలుసు పోయిన బాధ ఆరు నెలల్లో తగ్గింది గాని, నన్ను ఎవరూ ఏమీ అడగలేదన్న బాధ తగ్గలేదు. ఆ ఉదయం నాకు తెలియకుండానే నేను చూసినవి, విన్నవి ఎన్ని ఉన్నాయో! అడిగితే చెప్పేదాన్ని.

ఒకనాడు ఆయన పుస్తకానికి ఖాకీ అట్ట వేస్తుంటే మాటల్లో ఈ సంగతి చెప్పాను. ఆయన అట్ట వెయ్యడం ఆపేశారు. "మెడ మీద గీత పడిందా అమ్మా?" అని అడిగారు. పడిందన్నాను, వారం రోజులు పసుపు రాసుకున్నాను. "గొంతు మీదా, మెడ వెనకా?" గొంతు మీద. ఆయన కాస్సేపు కత్తెర పట్టుకుని ఆలోచించారు. "వెనక నుంచి వచ్చి ముందుకు పోతూ లాగితే గొలుసు మెడ వెనక ఒరుసుకుంటుంది. గొంతు మీద పడిందంటే వాళ్లు మీకు ఎదురుగా వచ్చి వెనక్కి పోయారు. ఆ వీధి వన్‌వే కదా, మీరు నడిచిందీ బండ్లు వెళ్లే వైపే. అంటే వాళ్లు ఎదురుదారిలో, మార్కెట్ మూల నుంచి వచ్చారు. ఆ మూలన నగల కొట్టుకు కెమెరా ఉంటుంది." ఇంతా చెప్పి మళ్లీ అట్ట వేసుకోవడం మొదలుపెట్టారు. అప్పటికి గొలుసు పోయి రెండేళ్లయింది, ఆ కెమెరాలో ఇంకా ఏమీ మిగిలి ఉండదు. అయినా ఇంటికి నడిచి వస్తుంటే నాకు ఎంత తేలికగా అనిపించిందో చెప్పలేను.

అందుకే, నేర కథ పాఠకుణ్ణి పట్టుకునేది హత్య చూపించి కాదని నా నమ్మకం. నెత్తురు, భయం, కత్తి అట్ట మీద బొమ్మకు పనికి వస్తాయి. లోపలికి వెళ్లాక మనల్ని కూర్చోబెట్టేది అడిగే మనిషి. ఒక మామూలు మనిషి పోతే, ఆయన రాత్రి పాలు ఎన్ని గంటలకు తాగుతాడు, గ్లాసు ఎవరు కడుగుతారు, కుక్క ఎందుకు మొరగలేదు అని అంత శ్రద్ధగా అడిగేవాళ్లు బయట ఎవరున్నారు? బతికుండగా కూడా ఆ జడ్జి గురించి ఇంట్లో ఎవరూ అంత ఆలోచించి ఉండరు. షెర్లాక్ హోమ్స్‌ను 1893లో జలపాతంలో తోసి చంపేసిన రచయితను పాఠకులు బతిమాలి, తిట్టి, చివరికి 1903లో ఆ పాత్రను మళ్లీ బతికించేలా చేశారంటే, అందులో నాకు కనిపించేది ఇదే; లండన్‌లో నేరస్థులకు కరువు వచ్చిందని కాదు గదా వాళ్లు దిగులుపడింది.

ఉత్కంఠే ఈ పుస్తకాల ప్రాణమని చెప్పేవాళ్లకు మా అత్తగారిని చూపిస్తాను. ఆవిడ ఏ నవలైనా ముందు ఆఖరి పేజీ చదివి, హంతకుడు ఎవరో తెలుసుకుని, అప్పుడు మొదటి పేజీకి వస్తారు. ఇంకేముంటుంది అత్తయ్యా అంటే, "వాడే చేశాడని నాకు తెలుసు, వాళ్లకు తెలియదు. వాడెంత చక్కగా అబద్ధాలాడుతున్నాడో చూడొద్దూ?" అంటారు. ఆవిడకు తెలియకపోవచ్చు గాని, ఈ పద్ధతికి చాలా గౌరవనీయమైన వంశం ఉంది. నేరం ఎలా జరిగిందో ముందే చెప్పేసి, దాన్ని ఎలా పట్టుకున్నారన్న దాని మీదే కథ నడపడం 1912లో ఆర్. ఆస్టిన్ ఫ్రీమన్ కథలతో మొదలైంది. 1971 నుంచి అమెరికన్ టీవీలో వరసగా వచ్చిన కొలంబో ఆ పద్ధతి మీదే నిలబడింది. ముడతల కోటు వేసుకున్న ఆ పోలీసాయన గుమ్మం దాకా వెళ్లి, ఇంకొక్క మాట అంటూ వెనక్కి తిరిగి అడిగే ప్రశ్న కోసమే జనం చూశారు. అది కూడా చివరికి అడగడమే.

టీవీ గురించి ఇక్కడ కొంచెం చెప్పక తప్పదు, ఎందుకంటే దుకాణంలో బల్ల పైన ఒక పాత టీవీ ఉంది. సాయంత్రాలు అందులో ఏదో ఒక నేర ధారావాహిక నడుస్తూ ఉంటుంది. అద్దెకు వచ్చినవాళ్లు గుమ్మంలోనే నిలబడిపోయి దారి ఇవ్వరు. ఇది నా ఫిర్యాదుల్లో మొదటిది. మా అత్తగారు కూడా ఆ గుంపులో ఒకరు. 1998లో మొదలై 2018 దాకా నడిచి, 2024 డిసెంబరులో మళ్లీ మొదలైన సి.ఐ.డి.ని ఆవిడ హిందీలోనే చూస్తారు; హిందీ రాదు. తలుపు పగలగొట్టే ఘట్టం వచ్చినప్పుడల్లా "అద్దె ఇల్లయి ఉంటుంది, అందుకే తలుపులు అంత పలచన" అంటారు. భాష రాకపోయినా ఆవిడకు ఏ ఎపిసోడూ అర్థం కాకుండా పోలేదు. శవం, ప్రయోగశాల, ముగ్గురు అనుమానితులు, ఒక అబద్ధం, ఒక చెంపదెబ్బ. హరికథకు వెళ్లే మనిషికి కథ ముందే తెలుసు. తెలిసిన కథను ఇవాళ ఈ దాసుగారు ఎలా చెబుతారో విందామని వెళుతుంది. ఇదీ అంతే. కాకపోతే ఆ చెంపదెబ్బ నాకు నచ్చదు. నేరం ఒప్పించడానికి బుద్ధి చాలనప్పుడు చెయ్యి చేసుకునే పోలీసును హీరోగా చూడటం మనకు అలవాటైపోయింది; దాని ఫలితాలు తెర బయట కూడా ఉంటాయి.

దీనికి పూర్తిగా ఎదురు కొసన ఉండే ధారావాహికలు కూడా ఇప్పుడు ఫోనులోకి వచ్చేశాయి. 2007లో డెన్మార్క్ టీవీలో వచ్చిన ఒకదాన్ని మా అబ్బాయి చూపించాడు: ఒకే ఒక్క అమ్మాయి హత్య, 20 ఎపిసోడ్లు, ఒక్కో ఎపిసోడు ఒక్కో రోజు. ఆ అమ్మాయి తల్లి వంటగదిలో నిలబడి, తినే మనిషి లేని కంచం తీసి లోపల పెట్టలేక, బయట ఉంచలేక తడబడటం చూశాక, నవలల్లోని శవాలకు కూడా తల్లులుంటారు కదా అని నాకు మొదటిసారి తోచింది. పాకెట్ నవలకు 160 పేజీల్లో ఆ తీరుబడి ఉండదు. ఈ విషయంలో మాత్రం టీవీదే పైచెయ్యి అని ఒప్పుకుంటాను, బాబాయి గారు ఒప్పుకోకపోయినా.

దుకాణం లోపాలు ఇంకా ఉన్నాయి. తెలుగు అరల దగ్గర ట్యూబ్‌లైటు ఏడాదిగా కొట్టుకుంటూనే ఉంది; ఫోను వెలుగులో పేర్లు చదువుకోవాలి. పై అర అందుకోవడానికి ఇచ్చే స్టూలుకు ఒక కాలు పొట్టి. వానాకాలంలో పుస్తకాలకు చెమ్మ వాసన వస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్లు ఇంటికి తెచ్చి ఒకపూట ఎండలో పెట్టుకుని చదవడం మంచిది. గత ఇరవై ఏళ్లలో అచ్చయిన తెలుగు నేర నవలలు దాదాపు లేవు. అడిగితే "అవి కొనే డబ్బు అద్దెలో తిరిగి రాదమ్మా" అంటారు, అది నిజమే అయినా పాఠకుడికి లోటే. కొన్ని పుస్తకాల్లో పాత పాఠకులు పెన్సిలుతో రాసిన వ్యాఖ్యలు ఉంటాయి. ఒక నవల మూడో పేజీలో వంటమనిషి పేరు కింద గీత గీసి "వీడే" అని రాసిపెట్టారు ఎవరో మహానుభావులు. మా అత్తగారికి కష్టం లేదు గాని, నాకు ఆ వారం పది రూపాయలూ దండగే అనుకున్నాను. తీరా చదివితే వాడు కాదు. ఆ పెన్సిలు మనిషి మూడో పేజీలోనే తొందరపడి రాసేసి, తరవాత చెరపడానికి మొహమాటపడి ఉంటాడు.

మంచివైపు ఒక్కటి చెబితే చాలు. మీరు రెండు మూడు పుస్తకాలు తీసుకెళ్లాక, నాలుగోది ఆయనే తీసి ఇస్తారు. ఎలా ఎంచుతారని అడిగాను. చదివి తెచ్చిన పుస్తకం బల్ల మీద పెట్టేటప్పుడు మనిషి మొహం చూస్తారట. హంతకుడు దొరికినందుకు తృప్తిగా ఉంటే ఒక రకం, చచ్చిపోయినవాడి మీద జాలి మిగిలిపోయి ఉంటే ఇంకో రకం, హంతకుడి మీదే జాలి కలిగితే మరో రకం. నన్ను మూడో రకంలో వేశారు. ఆయన ఇచ్చినవి ఇంతవరకు ఒక్కటి కూడా తప్పు పోలేదు.

చివరి సంగతి. జూన్‌లో హైదరాబాదు వెళ్లినప్పుడు, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలో ఆ గన్నేరు నవలే కనిపించింది, అట్ట చిరిగి ఉన్నా చివరి కాగితాలతో సహా. నలభై రూపాయలకు కొని, అక్కడే నిలబడి ఆఖరి నాలుగు పేజీలూ చదివాను. హంతకుడు కాంపౌండరే. గన్నేరు చెట్టు తర్కం కూడా అదే. కారణం మాత్రం వేరు: జడ్జి గారి వీలునామాలో వాడికి ఐదెకరాల మాగాణి రాసి ఉంది, ఆయన దాన్ని మార్చబోతున్నారు. జైల్లో పోయిన గుమాస్తా లేడు, కొడుకూ లేడు. అచ్చులో ఉన్నది ఐదెకరాల మాగాణి మాత్రమే. ఎండలో నిలబడి నేను మోసపోయినట్టు బాధపడ్డాను, కానీ మోసం చేసింది ఎవరన్నది తేల్చుకోలేకపోయాను.

తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. "నాకు గుమాస్తా గుర్తున్నాడే" అన్నారు, కొంచెం చిన్నబోయి. ఆ గుమాస్తా ఏ పుస్తకంలోంచి వచ్చాడో, అసలు పుస్తకంలోంచే వచ్చాడో లేదో నేను అడగలేదు. ఆ నాలుగు పేజీలకూ జిరాక్స్ తీయించి, తన కాగితం పీకకుండా, దాని వెనకే అంటించారు. మధ్యలో చిన్న చీటీ మీద "ముందుది నాది, తరవాతది అసలుది" అని రాశారు. దుకాణం ఉదయం తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర వరకు, సాయంత్రం నాలుగున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు తెరిచి ఉంటుంది, సోమవారం సెలవు. ఆ పుస్తకం కోసం వెళ్లేవాళ్లు ఇంకో వారం ఆగాలి, ప్రస్తుతం మా ఇంట్లో ఉంది. మా అత్తగారు ఎప్పటిలాగే ముందు చివరి కాగితాలు తీసి, రెండు ముగింపులూ చదివి, ముందుదే బాగుందని చెప్పి, ఇప్పుడు మొదటి పేజీ తెరిచారు.